తొలియేండ్ల ఋణము

మన తెలుగు ఇండ్లలో పసిబిడ్డ పెరుగుదలను కొలుచుటకు పూర్వమునుండి యొక చక్కని కొలమానము కలదు. అది కాగితముమీద వ్రాసినది కాదు; వంటయింటిలో పుట్టినది. బిడ్డ నవ్వినచో నువ్వుండలు, బోర్లపడినచో బొబ్బట్లు, కూర్చున్నచో కుడుములు, అడుగు వేసినచో అరిసెలు, పలుకు పలికినచో పంచదార చిలుకలు పంచిపెట్టుట మన వాడుక. ప్రాంతమునుబట్టి పిండివంటల పేర్లు మారవచ్చును గాని ఆచారము మాత్రము అంతటను ఒకటియే. మన ముత్తవ్వలు వైద్యశాస్త్రము చదివినవారు కారు. అయినను ఏ నెలలో బిడ్డ ఏ పని చేయవలెనో వారెరుగుదురు; ఆ పని జరిగినదని వీధివారి కెల్ల తెలియునట్లు తీపి పంచిరి. బిడ్డ యెదుగుదల ఇంటివారికే గాక ఇరుగుపొరుగులకును సంతోషకారణమని ఆ యాచారమునకు అర్థము.

అయితే బొబ్బట్లు వండవలసిన నెల వచ్చి పోయినను బిడ్డ బోర్లపడని యిల్లును ఉండును. పిలిచినను తల త్రిప్పని బిడ్డ, తల్లి ముఖము చూచి నవ్వని బిడ్డ, ఏడాది దాటినను మెడ నిలువని బిడ్డ గల ఇండ్లు ప్రతి యూరను కలవు. ఇరుగుపొరుగువారు మొదట అడుగుదురు. పిమ్మట అడుగుట మానుదురు. ఆ మీదట తమలో తాము చెప్పుకొందురు. తీపి తినుటకు వచ్చిన వీధి, తీపి లేని యింటి గడప తొక్కదు. ఆ యింటియెడల మన ధర్మమేమి? ఆ బిడ్డకు చేయవలసిన సహాయము ఎవరి బాధ్యత? ఇదియే మేమిచట విచారింపదలచిన ప్రశ్న.

మొదట కాలమును గూర్చి రెండు మాటలు చెప్పవలసి యున్నది. మొక్కై వంగనిది మానై వంగునా యని మనవారు నడవడిని గూర్చి చెప్పుదురు. మెదడు విషయమున ఇది మరింత నిజము. బిడ్డకు రెండేండ్లు నిండునప్పటికే మెదడు పరిమాణము పెద్దవారి మెదడులో సుమారు 80 శాతమునకు వచ్చును. పుట్టుకతో థైరాయిడు గ్రంథి సరిగా పనిచేయని శిశువును తీసికొందము. మడమనుండి తీసిన కొన్ని నెత్తుటి చుక్కలతో ఆ లోపము తెలియును. పుట్టిన రెండు వారములలోపల థైరాక్సిను ఈయ నారంభించినచో ఆ బిడ్డ సాధారణముగా తక్కిన బిడ్డలవలెనే పెరుగును. నెలలు గడచిన పిమ్మట అదే మందు ఇచ్చినను పోయిన బుద్ధివికాసము పూర్తిగా తిరిగి రాదు. మందు ఒక్కటే, కాలము వేరు. వినికిడి లేని బిడ్డల సంగతియు అట్టిదే. 1998లో అమెరికాలో యోషినాగా-ఇటానో అను విదుషి తన సహచరులతో కూడి ప్రకటించిన పరిశోధనలో, ఆరు నెలల లోపున చెవుడు కనుగొనబడిన బిడ్డలు, ఆ తరువాత కనుగొనబడినవారికంటె భాషలో ముందుండిరని తేలెను. మొదటి నెలలో పరీక్ష, మూడవ నెలకు నిర్ధారణ, ఆరవ నెలకు సహాయము అను నియమము వైద్యులలో వాడుకకు వచ్చినది.

మన ఇండ్లలో ఈ కాలమెట్లు గడచుచున్నది? "వాళ్ల మేనమామకు నాలుగేండ్లకుగాని మాటలు రాలేదు" అని యొకరందురు. వస అరగదీసి నాలుకకు రాయుమని మరియొకరందురు. గాలి సోకినదని తాయెత్తు కట్టించువారు కొందరు, మరచిన మ్రొక్కుబడిని జ్ఞాపకము చేయువారు కొందరు. వీరందరును ప్రేమతోనే చెప్పుదురు. కాని ఓదార్పుగా చెప్పిన మాట ఒక్కొక్కప్పుడు బిడ్డకు పనికివచ్చు నెలలను తినివేయును. పరీక్ష చేయించి ఏమియు లేదని తెలిసికొనుటలో నష్టము లేదు. చేయింపక ఉండుటలోనే నష్టమున్నది.

ప్రభుత్వము చేతులు ముడుచుకొని కూర్చున్నదని మేమనము. 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము మూలమున అంగన్‌వాడీలు పల్లెపల్లెకు వచ్చినవి. 1984లో బుద్ధిమాంద్యము గలవారి కొరకు ఒక జాతీయ సంస్థ సికిందరాబాదున వెలసినది. 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము ఆరంభమై, పుట్టినది మొదలు 18 ఏండ్లవరకు గల పిల్లలలో పుట్టుకలోపములను, పోషకలోపములను, వ్యాధులను, ఎదుగుదలలోని జాప్యములను కనుగొనవలెననియు, కనుగొన్న బిడ్డలకై జిల్లాలలో సత్వర చికిత్సాకేంద్రములు నడుపవలెననియు నిర్ణయించినది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 విధములైన వైకల్యములను గుర్తించినది. ఇవి యన్నియు గొప్ప పనులే. మా ప్రశ్న ఈ పనులు ఇంటి గుమ్మమువద్దకు వచ్చిన తరువాత జరుగుదానిని గూర్చినది.

చికిత్సాకేంద్రమున బిడ్డకు దొరకు సమయమెంత? వారమున కొక గంట దొరకినను అదృష్టమే. బిడ్డ దినమునకు 12 గంటలు మేలుకొని యుండునని లెక్కించినచో వారమునకు 84 గంటలగును. అందులో ఒక గంట కేంద్రమునది, 83 గంటలు ఇంటివి. కావుననే ఈ చికిత్స యింటిలో జరుగవలసినదే గాని కేంద్రమున జరుగునది కాదని విజ్ఞులు చాలకాలము క్రిందటనే గ్రహించిరి. 1969లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున పోర్టేజి యను ఊర ఒక పద్ధతి ఆరంభమైనది. శిక్షకురాలు వారమునకొకమారు ఇంటికి వచ్చి, ఆ వారము చేయింపవలసిన పనిని తల్లిదండ్రులకు నేర్పి పోవును. ఆ పద్ధతి పిమ్మట అనేక దేశములకు వ్యాపించినది; మన దేశమునకును వచ్చినది. పద్ధతి మంచిదే. కాని ఇంటికి పని అప్పగించుట వేరు, ఇంటికి సాయపడుట వేరు. ఈ రెండింటికి గల భేదమును మరచినచో మంచి పద్ధతియే క్రూరమగును.

ఏ మండలమునందైనను ఉండదగిన యొక యింటిని తలచుకొందము. తండ్రి రోజుకూలి. తల్లియు కూలికి పోవును. ఐదేండ్ల కూతురొకతె, ఏడాదిన్నర కొడుకొకడు. కొడుకునకు కాళ్లు బిగిసియుండును. మెడ యింకను సరిగా నిలువదు. అత్తగారికి మోకాళ్లనొప్పులు. జిల్లా కేంద్రమునకు పోవలెనన్న తల్లి తెల్లవారుజామున లేచి, వంట ముగించి, కూతురును పొరుగింట అప్పగించి, బిడ్డను చంకనెత్తుకొని రెండు బస్సులు మారవలెను. స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణము తెలంగాణములో 2023లోను, ఆంధ్రప్రదేశమున 2025లోను ఆరంభమైనది. దానితో టిక్కెట్టు ఖర్చు తప్పినను పోయిన దినము తిరిగి రాదు. ఆనాటి కూలియు రాదు. కేంద్రమున శిక్షకురాలు ఓపికగలదే. బిడ్డ కాళ్లు ఎట్లు చాపవలెనో, మెడక్రింద చుట్ట యెట్లు పెట్టవలెనో చూపి, "ఇంటిదగ్గర రోజుకు నాలుగుసార్లు చేయించండమ్మా" అని చెప్పును. మరుసటి వారము "చేయించారా?" అని యడుగును. తల్లి తల వంచుకొనును.

ఆ నాలుగుసార్లు ఏ గంటలలోనుండి రావలెను? కూలిగంటనుండియా, వంటగంటనుండియా, కూతురునకు జడవేయు గంటనుండియా, నిద్రనుండియా? ఈ ప్రశ్న అడుగువారు లేరు. అడిగినచో జవాబు చెప్పవలసినది తల్లి యొక్కతెయే కాదనియు, ఆ యింటిలోను ఆ వీధిలోను మరికొందరు కలరనియు తేలిపోవును.

ఇచట మాకు ఒక పాత పరిశోధన జ్ఞప్తికి వచ్చుచున్నది. అమెరికాలోని అయోవా రాష్ట్రమున స్కీల్స్ అను మనస్తత్త్వవేత్త, డై అను సహచరునితో కూడి దానిని 1939లో ప్రకటించెను. అనాథాశ్రమమున బుద్ధి మందగించినదని తలపబడిన 13 మంది పసిబిడ్డలను అచటనుండి తీసి, బుద్ధిమాంద్యము గలవారి సంస్థలో, అచటి స్త్రీల పోషణయందుంచిరి. ఆ స్త్రీలు శాస్త్రము నేర్చినవారు కారు. తామే బుద్ధిమాంద్యము గలవారని లోకము త్రోసివేసినవారు. వారు బిడ్డల నెత్తుకొనిరి, ఆడించిరి, మాటలాడిరి, ఒక్కొక్క బిడ్డను ఒక్కొక్కతె తనదిగా చేసికొనెను. బుద్ధిపరీక్షలలో ఆ బిడ్డలకు సగటున 27 అంకెలకు పైగా పెరిగెను. అనాథాశ్రమముననే యుండిపోయిన 12 మందికి సగటున 26 అంకెలు తరిగెను. 1966లో ప్రకటింపబడిన పిమ్మటి విచారణలో మొదటి 13 మందియు పెద్దవారై తమ జీవనము తాము గడుపుకొనుచున్నట్లు తెలిసెను.

ఈ పరిశోధన చిన్నది. ఆ బిడ్డల లోపములో ఎంత భాగము పుట్టుకది, ఎంత భాగము ఆశ్రమములోని యొంటరితనమువలన వచ్చినది అను ప్రశ్న మిగిలియే యున్నది. మెదడునకు దెబ్బ తగిలిన ప్రతి బిడ్డయు ఎత్తుకొన్నంత మాత్రమున బాగుపడునని దీనినుండి తీయరాదు. కాని యొక్కటి మాత్రము మనము తీయవచ్చును. అనాథాశ్రమములోని దాదులు దయలేనివారు కారు. వారికి తీరిక లేదు. కొద్దిమంది చేతులలో పలువురు బిడ్డలు పడిరి. ఆ రెండవ చోటి స్త్రీలకు చదువు లేకపోయినను తీరిక యుండెను. ప్రేమకు తీరిక వలయును. తీరిక యనునది మనసులో పుట్టునది కాదు. దానిని ఇతరులు కల్పింపవలయును. తల్లి ప్రేమను మనము పుట్టింపనక్కరలేదు. ఆమె తీరికను కల్పింపగలవారము మనము, దోచుకొనుచున్నవారమును మనమే.

తీరికతోపాటు మనము ఆమెనుండి దోచుకొనునది మరియొకటి కలదు. అది ఆమె మనశ్శాంతి. బిడ్డకు లోపమున్నదని తెలిసిన నాటనుండి ఇల్లంతయు నేరస్థుని వెదకును. తల్లి పూర్వజన్మపాపమందురు, గ్రహణమునాడు బయటికి వచ్చినదందురు, ఆమె పుట్టింటివారి వంశమున నట్టివారు కలరందురు. ఇది చదువు లేనివారి మౌఢ్యమని మనము తేలికగా నవ్వరాదు. 1943లో కానర్ అను వైద్యుడు ఆటిజమును మొదటిసారి వివరించిన తరువాత, అది తల్లి హృదయములోని చల్లదనమువలన కలుగునను వాదమొకటి పాశ్చాత్య పండితులలోనే బలపడెను. 1964లో రింలాండ్ అను మనస్తత్త్వవేత్త, తానే అట్టి బిడ్డకు తండ్రి యగువాడు, గ్రంథము వ్రాసి ఆ వాదమును ఖండించెను. అయినను 1967లో బెటెల్‌హైం పెద్ద గ్రంథముతో ఆ నిందకు మరల ప్రాణము పోసెను. అది అసత్యమని లోకమొప్పుకొనునంతలో ఎందరు తల్లులు తమ బిడ్డను తామే పాడుచేసితిమని కుమిలిరో! మనవారు జాతకము చూపిరి, వారు శాస్త్రము చూపిరి. నింద మాత్రము తల్లిపైననే పడినది.

మేనరికములను గూర్చి సంస్కరణవాదులమైన మనమును జాగ్రత్తగా మాటలాడవలెను. దగ్గర రక్తసంబంధముగల వివాహములలో కొన్ని పుట్టుకలోపములకు, అందును పుట్టుచెవుడునకు, అవకాశము హెచ్చునని శాస్త్రము చెప్పుచున్నది. పెండ్లికి ముందు ఆ సంగతిని ఎరుకపరచుట మన విధి. బిడ్డ పుట్టిన పిమ్మట ఆ మాటను తల్లిపై రాయివలె విసరుట పాపము. మేనరికము చేసినది ఆమె యొక్కతెయే కాదు. అట్టి లోపమునకు కారణమగు బీజము తల్లిదండ్రులిరువురినుండియు సమముగా వచ్చును. జ్ఞానము ముందుగా ఇచ్చినచో దీపము. ఆలస్యముగా ఇచ్చినచో వాత.

ఇపుడు కొందరు ఆక్షేపింపవచ్చును. "తల్లికి బిడ్డ బరువా? కాకిపిల్ల కాకికి ముద్దు. పూర్వపు తల్లులు ఎవరి సాయముతో పెంచిరి?" అని వారందురు. పూర్వపు ఇంటిలో అవ్వ యుండెను, పినతల్లి యుండెను, ఎత్తుకొను చేతులు పది యుండెను. నేడు రెండు గదుల ఇంటిలో రెండు చేతులు మాత్రమే యున్నవి. మరియు పూర్వపు ఇండ్లలో ఇట్టి బిడ్డలెందరు మూల గదులలో మ్రగ్గిరో లెక్క లేదు. తల్లిని మనము దేవత యని కొనియాడుదుము. దేవతకు నిద్రయు, నడుమునొప్పియు ఉండవని కాబోలు, ఆమెకు ఏ పనియైనను అప్పగింతుము. పొగడ్త మాటున పని తప్పించుకొను ఈ యలవాటును మానుకొనవలెను.

రెండవ ఆక్షేపము ఇంతకంటె కఠినమైనది. "బాగుపడునో లేదో తెలియని బిడ్డపై ఇంత శ్రమ యెందుకు? నడచి బడికి పోగల పిల్లలకే గదులు చాలకున్నవి గదా" యని కొందరు మనసులోను, కొందరు పైకిని అందురు. దీనికి సాధారణముగా చెప్పు జవాబు లెక్కల జవాబు: నేడు పెట్టిన రూపాయి రేపు పది రూపాయల ఖర్చును తప్పించునని. అది పలుచోట్ల నిజమే కావచ్చును. కాని ఆ జవాబుపై మాత్రమే నిలుచుట మాకు భయము. లాభము చూపి సహాయమడిగినచో, లాభము చూపలేని బిడ్డ యేమగును? ఎంత త్వరగా కనుగొన్నను, ఎంత శ్రద్ధగా చేయించినను నడువలేని బిడ్డలు కలరు. మాటరాని బిడ్డలు కలరు. వారి తల్లులు పడిన శ్రమ వ్యర్థమా? వారి యింటికి మనము చేసిన సాయము నష్టములో వ్రాయవలసినదా?

కాదని మేమందుము. ఇది పెట్టుబడి కాదు, ఋణము. మెడ నిలుపలేని దినములు మనకందరికిని ఉండెను. నోట పాలుపోసినవారిని, రాత్రులు మేలుకొన్నవారిని ఆనాడు మనమేమి లాభము చూపి యడిగితిమి? ఇచ్చుటకంటె ముందు పుచ్చుకొనినవారము మనము. కొందరికి ఆ దినములు ఏడాదితో ముగియును, కొందరికి పదియేండ్లు సాగును, కొందరికి జీవితమంతయు ఉండును. ఏ యింటికి ఏ బిడ్డ వచ్చునో ఎవరును కోరి తెచ్చుకొనలేదు. పుణ్యము చేసినందున మనకు తేలిక బరువు రాలేదు. పాపము చేసినందున వారికి పెద్ద బరువు రాలేదు. కనుక బరువు పంచుకొనుట దయ కాదు, న్యాయము. దయ చేయువాడు తనకు తోచినపుడు చేయును. ఋణస్థుడు గడువునకు తీర్పవలెను. ఈ ఋణమునకు గడువు బిడ్డయొక్క తొలియేండ్లు.

ఎట్లు తీర్పవలెను? మొట్టమొదట అడుగవలెను. 1986లో అమెరికాలో చేసిన శాసనమొకటి, మూడేండ్లలోపు బిడ్డలకు చేయు సహాయము కొరకు కుటుంబమంతటిని దృష్టియందుంచుకొని యొక ప్రణాళిక వ్రాయవలెనని విధించినది. అందులో బిడ్డ లోపములతోపాటు ఇంటివారి అవసరములను గూడ వ్రాయుదురు. ఇది చిన్న మాటవలె కనబడును గాని చాల పెద్దది. శిక్షకురాలు నడకను గూర్చి ఆలోచించుచుండగా, తల్లి కోరునది బిడ్డ రాత్రి నిద్రపోవుట కావచ్చును, అన్నము గొంతున పడకుండ మ్రింగుట కావచ్చును. ఆమె కోరినదానితో ఆరంభించినచో ఆమె చేయి మనకు తోడగును.

పిమ్మట పనిని ఇంటి దినచర్యలో ఇమిడ్చవలెను. మన యవ్వలు కాళ్లు చాపుకొని కూర్చుండి, బిడ్డను కాళ్లమీద బోర్ల వేసికొని, నూనె రాసి, నలుగుపెట్టి, నీళ్లు పోయుదురు. మెడ యెత్తుటకు, వీపు బలపడుటకు, బిగిసిన కాళ్లు సడలుటకు అంతకంటె తగిన సమయమేది? శిక్షకురాలు అత్తగారిని పిలిచి, ఆమె నేర్పునే మన్నించి, అందులో అవసరమైన మార్పు చూపినచో, విమర్శించు నోరు సాయపడు చేయి యగును. తండ్రియు కేంద్రమునకు రావలెను. బిడ్డను ఎట్లు పట్టుకొనవలెనో తెలియని తండ్రి తన భార్యకు ఒక్క గంటయైనను విశ్రాంతి యీయలేడు. ఇరుగుపొరుగులు ఉపదేశములు తగ్గించి, ఆ యింటి కూతురును వారమునకు రెండు సాయంకాలములు తమ పిల్లలతో కూర్చుండబెట్టుకొనవచ్చును. ఏలయనగా తమ్ముని చికిత్సలో అక్క బాల్యము కరగిపోకుండ చూచుటయు మన పనియే. అధికారులు వైకల్య ధ్రువపత్రము కొరకు ఆ తల్లిని పలుమార్లు త్రిప్పకుండవలెను. దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడను సామెత ఈ కార్యాలయములలో నిజము కారాదు. అన్నింటికంటె మేలైన సాయము, ఇదే దారిని ముందు నడచిన మరియొక తల్లి మాట. ఆమెతో పరిచయము కల్పించుటకు ఖర్చులేదు; దానిని మించిన ధైర్యమును లేదు.

మేము మొదట చెప్పిన కొలమానమునకే తిరిగి వత్తము. అరిసెలు ఏడాదికే వండవలెనని ఎవరును నియమింపలేదు. నాలుగవయేట వేసిన అడుగునకు గూడ అరిసెలు వండవచ్చును. మూడేండ్ల తరువాత వచ్చిన నవ్వునకు గూడ నువ్వుండలు చుట్టవచ్చును. అడుగే వేయని బిడ్డ, తల్లి గొంతు విని తల త్రిప్పిన దినమున ఏ తీపి వండవలెనో మన ఆచారములో లేకపోయినచో మనమే క్రొత్తగా చేర్తము. ఆ తీపిని తల్లి యొక్కతెయే వండుకొని తానే తినవలసిన గతి పట్టకుండ, మనమా యింటి గడప తొక్కవలెను. వట్టి చేతులతో పోక, ఆ పూట వంట మనమే చేసికొని పోవుదము. ఆమె యా గంటసేపు బిడ్డతో కూర్చుండును.